కొండపల్లి బొమ్మ ఆర్టా, హ్యాండీక్రాఫ్టా? అసలీ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

ఈసారి ఎపిసోడ్ హైదరాబాద్ రూమ్ నుంచి కాదు, మా మైలవరం ఇంట్లోంచి. మధ్యలో కోడి అరుపులు, పక్కింటి మిక్సీ సౌండ్ వస్తే సర్దుకోండి.

మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నా ఫ్రెండ్ ఒక ప్రశ్న అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయా. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ జవాబు కోసమే.

జరిగిందేంటంటే, మా అక్క ఏటా బొమ్మల కొలువు పెడుతుంది. పాత దశావతారాల సెట్‌లో వామనుడి గొడుగు విరిగింది, కూర్మానికి రంగు ఊడింది. కొత్తది తెమ్మంది. మైలవరం నుంచి విజయవాడ వెళ్లే రోడ్డులో జి.కొండూరు దాటితే కొండపల్లి. అక్కడ బొమ్మల కాలనీలో నా బీటెక్ క్లాస్‌మేట్ వాళ్లిల్లు. వాళ్ల నాన్న, తాత, ముత్తాత అందరూ బొమ్మలు చేసినవాళ్లే. వీడొక్కడే నాలాగా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాడు. సెట్టు రెండు వేల రెండొందలు అన్నారు అంకుల్. "పద్దెనిమిది వందలకి ఇచ్చేయండి అంకుల్" అన్నా. ఆలోచించి అన్నది కాదు, అలవాటు. ఆయన నవ్వి, పాత పేపర్లో చుట్టి ఇచ్చేశారు.

బయటికొచ్చాక మావాడు అడిగాడు. "ఒరేయ్, నీ రూమ్ గోడకి వాన్ గోహ్ స్టారీ నైట్ ఉంది కదా, ఎంతకి కొన్నావు?"

రెండు వేల ఆరొందలు, ఆన్‌లైన్లో.

"బేరమాడావా?"

ఆన్‌లైన్లో బేరమేంటిరా అన్నా.

"అది ప్రింటు. మెషీన్లో వేసింది. ఇది మా నాన్న చేత్తో చేసింది. దానికి ఆర్ట్ అని పూర్తి డబ్బులిచ్చావు, దీనికి నాలుగొందలు తగ్గించావు. మా నాన్నకి గవర్నమెంట్ ఇచ్చిన కార్డుంది. దాని మీద ఆర్టిజన్ అని రాసుంటుంది, ఆర్టిస్ట్ అని కాదు. ఈ తేడా ఎవడు పెట్టాడో కనుక్కో. నువ్వు వీడియోలు చేస్తావుగా."

కోపంగా అనలేదు వాడు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

వీడియో స్కిప్ చేసేవాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. ఈ తేడా మనం అనుకున్నంత పాతది కాదు. ఇప్పుడు మనం వాడుతున్న రూపంలో దాని వయసు దాదాపు 280 ఏళ్లు. యూరప్‌లో పుట్టింది, యూరప్ అవసరాల కోసం పుట్టింది. ఆ తర్వాత ఓడెక్కి మన దగ్గరికొచ్చింది. ఇప్పుడు కాస్త నిదానంగా చూద్దాం.

మొదట గ్రీకులు. వాళ్లకి మనం ఇప్పుడు అనుకునే అర్థంలో ఆర్ట్ అనే మాటే లేదు. ఉన్న మాట టెక్నే. బొమ్మ చెక్కడం, చెప్పులు కుట్టడం, వైద్యం చేయడం, ఓడ నడపడం, అన్నీ టెక్నేలే. తెలివితో, నేర్పుతో, ఒక పద్ధతి ప్రకారం చేసే పని ఏదైనా టెక్నే. మన టెక్నాలజీ అనే మాట అక్కణ్నుంచే వచ్చింది. దాన్నే లాటిన్ వాళ్లు ఆర్స్ అన్నారు. అంటే ఆర్టిస్టు, ఆర్టిజన్ ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు.

ఇక్కడ ప్లేటో ఒక తమాషా లెక్క చెప్పాడు. రిపబ్లిక్ అనే పుస్తకం పదో భాగంలో మంచం ఉదాహరణ ఉంటుంది. మంచం అనే అసలు భావం ఒకటుంది, అది మొదటిది. దాన్ని చూసి వడ్రంగి చేసే మంచం రెండోది. ఆ వడ్రంగి మంచాన్ని చూసి పెయింటర్ వేసే బొమ్మ మూడోది. అంటే నిజానికి అన్నిటికన్నా దూరం ఉన్నవాడు పెయింటర్. వడ్రంగే వాడికన్నా ఒక మెట్టు పైన! ఈ సంగతి చదవగానే మావాడికి మెసేజ్ పెట్టా: "ప్లేటో లెక్కలో మీ నాన్న వాన్ గోహ్ కన్నా సీనియర్."

కానీ సంబరపడిపోకండి. ప్లేటోకి వడ్రంగుల మీద ప్రేమేం లేదు. ఏథెన్స్‌లో పిల్లల్ని హోమర్ కావ్యాలతో పెంచేవాళ్లు. ఊరు ఎలా నడవాలి, యుద్ధం ఎలా చేయాలి అన్నదానికి కూడా కవుల మాటే ప్రమాణం. ఆ అధికారం తత్త్వవేత్తకి రావాలని ప్లేటో పోరాటం. అనుకరణ అబద్ధం అనే ఆయన సిద్ధాంతం ఆ గొడవలోంచి వచ్చింది. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ దీనికి ఒప్పుకోలేదు. అనుకరించడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం, పిల్లలు నేర్చుకునేదే అలా అన్నాడు. గ్రీకు సమాజంలో చేతిపని చేసేవాళ్లని చిన్నచూపు చూసేవాళ్లు, అదీ నిజమే. తర్వాత కొన్ని వందల ఏళ్లకి ప్లూటార్క్ అనే రచయిత, ఒలింపియాలో జ్యూస్ విగ్రహం చూసి ఆనందించిన పెద్దింటి కుర్రాడెవడూ దాన్ని చెక్కిన ఫీడియాస్ లాగా అవ్వాలని కోరుకోడు అని రాశాడు. పని కావాలి, పనివాడు వద్దు. ఈ మాట మనకి కొత్తేం కాదు కదా. దీని దగ్గరికి మళ్లీ వస్తా.

ఇప్పుడు ఫ్లోరెన్స్ వెళ్దాం, 1400ల కాలం. పెద్ద పెద్ద పెయింటర్లందరూ ఉన్న ఊరు. వాళ్లు ఏ సంఘంలో సభ్యులో తెలుసా? డాక్టర్లు, మందుల దుకాణాల వాళ్ల సంఘంలో. ఎందుకంటే రంగులు అమ్మేది మందుల షాపులోనే. మేస్త్రీ దగ్గర చిన్నప్పుడే పనికి చేరి, రంగులు నూరి, పని నేర్చుకుని పైకొచ్చేవాళ్లు. 1485లో గిర్లాందాయో అనే పెయింటర్‌తో రాసుకున్న అగ్రిమెంటు ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో ఏముందంటే, నీలం రంగు ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకమే వాడాలి. ఆ నీలం అఫ్గానిస్తాన్ రాయి నూరి చేసేది, భయంకరమైన ఖరీదు. ఇల్లు కట్టే మేస్త్రీతో ఫలానా కంపెనీ సిమెంటు, ఫలానా కంపెనీ ఐరన్ అని మనం రాయించుకోమూ? అచ్చం అలాగే. రంగు తేడా వస్తే ఒప్పుకోం అని ముందే కట్టడి.

మరి ఆ మేస్త్రీ ఆర్టిస్ట్ ఎలా అయ్యాడు? మ్యాథ్స్ వల్ల. నిజంగానే.

ఆ కాలంలో గౌరవమైన చదువులు ఏడు. వ్యాకరణం, వాక్పటిమ, తర్కం, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం. చేతికి మట్టి అంటని చదువులన్నమాట. పెయింటింగ్ ఆ లిస్టులో లేదు. 1435లో ఆల్బెర్టి అనే పండితుడు పెయింటింగ్ మీద ఒక పుస్తకం రాసి, బొమ్మ అంటే ఒక కిటికీ, దానిలోంచి కనిపించే లోకాన్ని రేఖాగణితంతో కొలిచి వేయాలి అని నియమాలు పెట్టాడు. పర్‌స్పెక్టివ్ అంటే అదే. దూరం పోయేకొద్దీ రైలు పట్టాలు కలిసినట్టు కనిపించడం. ఫ్లోరెన్స్ వర్తకుల ఊరు, బ్యాంకుల ఊరు. పీపాలో ఎంత ద్రాక్షసారా పడుతుందో కంటితో అంచనా వేయడం అక్కడి పిల్లలకి బళ్లో నేర్పేవాళ్లు. పియెరో అనే గొప్ప పెయింటరు వ్యాపార లెక్కల పుస్తకం కూడా రాశాడు. లెక్క తెలిసిన బొమ్మ వాళ్లకి నచ్చింది. పెయింటింగ్‌లో రేఖాగణితం ఉంది కాబట్టి మాది కూలిపని కాదు, విద్య అని పెయింటర్లు వాదించారు.

నాకిది మా ఆఫీసు వ్యవహారంలా కనిపించింది. నిన్నటిదాకా ప్రోగ్రామరు, ఇవాళ్టి నుంచి సొల్యూషన్ ఆర్కిటెక్టు. చేసే పని అదే, కూర్చునే కుర్చీ వేరు. 1550లో వసారి అనే ఆయన ఆర్టిస్టుల జీవిత చరిత్రలు రాశాడు. పనివాడికి బయోగ్రఫీ వచ్చింది, పుట్టుకతోనే ప్రతిభ అనే కథ వచ్చింది. 1563లో ఫ్లోరెన్స్‌లోనే అకాడమీ పెట్టారు. మేస్త్రీ దగ్గర పనికి చేరే పిల్లాడు పోయి, క్లాసులో కూర్చునే స్టూడెంట్ వచ్చాడు. చెక్క చెక్కేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, నేసేవాళ్లు పాత సంఘాల్లోనే మిగిలిపోయారు.

మెట్లు అప్పటికే పడ్డాయి, గోడ ఇంకా లేవలేదు. గోడ కట్టింది 1700ల్లో.

1746లో ఫ్రాన్స్‌లో బత్తూ అనే ఆయన ఐదింటిని ఒక గుంపుగా కట్టాడు. సంగీతం, కవిత్వం, చిత్రం, శిల్పం, నాట్యం. వీటిని ఫైన్ ఆర్ట్స్ అన్నాడు. వీటి లక్ష్యం ఆనందం. మిగతావన్నీ అవసరం కోసం చేసేవి. మనం లలిత కళలు అంటున్నది ఈ గుంపునే, పేరుకి సంస్కృతం వేసుకున్నాం అంతే. జర్మనీలో బౌమ్‌గార్టెన్ ఈ ఆనందాన్ని చదివే శాస్త్రానికి ఈస్తటిక్స్ అని పేరు పెట్టాడు. 1790లో కాంట్ వచ్చి దీన్ని ఇంకా పైకి తీసుకెళ్లాడు. ఒక వస్తువు నాకు ఉపయోగమా, నాది అవుతుందా అన్న కోరికేదీ లేకుండా చూసి మెచ్చుకోవడమే అసలైన సౌందర్యానుభవం అన్నాడు. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. ఆర్ట్ స్వేచ్ఛగా, ఆటలాగా చేసేది. చేతిపని కూలి కోసం చేసేది, కష్టంగా ఉన్నా డబ్బుల కోసం చేసేది. ఈ లైన్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. పద్దెనిమిది వందలు అడిగింది నేనే, కానీ నాతో అడిగించిన లెక్క ఇక్కడుంది.

వీళ్లందరికీ అప్పుడే ఈ ఆలోచన ఎందుకొచ్చింది? అప్పటిదాకా బొమ్మ వేయించేది చర్చి, లేదా రాజు. అది ఎక్కడ పెట్టాలో, ఎందుకో ముందే తెలుసు. 1700ల్లో కొత్తగా డబ్బున్న మధ్యతరగతి వచ్చింది. పారిస్‌లో 1737 నుంచి సెలూన్ అనే ఎగ్జిబిషన్ క్రమంగా జరగడం మొదలైంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. బొమ్మలు ఎవరి కోసమో కాకుండా ముందే వేసి గోడకి తగిలించేవాళ్లు. దాంతో రివ్యూలు రాసేవాళ్లు పుట్టారు, దిదెరో రాసినవి ఫేమస్. మరి ఇన్ని రకాల వస్తువుల్ని ఏ కొలతతో చూడాలి? దానికో సిద్ధాంతం కావాలి. విప్లవం తర్వాత 1793లో లూవ్ర్ మ్యూజియం తెరిచారు. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి మొక్కే బొమ్మని తెచ్చి గోడకి పెట్టి, మొక్కొద్దు, ముట్టుకోవద్దు, ఊరికే చూడు అన్నారు. కాంట్ చెప్పిన చూపుకి అప్పటికల్లా బిల్డింగ్ కూడా సిద్ధమైపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మన కృష్ణా తీరం ఖాళీగా లేదు. 1611లోనే మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. మన అద్దకం బట్టలు యూరప్‌లో ఎంత అమ్ముడయ్యాయంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే 1686లో ఫ్రాన్స్, 1721లో ఇంగ్లండ్ రంగుల అద్దకం బట్టల్ని నిషేధించాయి. పారిస్ ఇళ్లలో మన పూలు, మన చెట్లు, మన రంగులు ఉన్నాయి. కానీ బత్తూ లిస్టులో బట్టకి చోటు లేదు. బట్ట ఉపయోగపడుతుంది కదా మరి!

తర్వాతది ఫ్యాక్టరీల కాలం. ఇక్కడ కథ మనకి అనుకూలంగా తిరిగినట్టు కనిపిస్తుంది, కానీ తిరగదు. 1851లో లండన్‌లో పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్ పెట్టారు. మెషీన్లలో చేసిన ఇంగ్లీషు వస్తువుల పక్కన ఇండియా చేతిపనులు చూసి, డిజైన్ అంటే ఇదీ అని అక్కడివాళ్లే మెచ్చుకున్నారు. రస్కిన్, విలియం మారిస్ లాంటివాళ్లు ఫ్యాక్టరీ మనిషిని యంత్రం చేస్తోంది, చేతిపనికి గౌరవం రావాలి అని రాశారు. మంచి మనుషులే. కానీ ఆ మెచ్చుకోలులో ఒక మెలిక ఉంది. జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఆయన 1880లో ఇండియా పారిశ్రామిక కళల మీద పెద్ద పుస్తకం రాశాడు. మన పల్లెటూరి కుమ్మరిని, నేతగాణ్ని ఆకాశానికెత్తాడు. అదే మనిషి, ఇండియాలో ఫైన్ ఆర్ట్ లేనే లేదన్నాడు. 1910లో లండన్‌లో జరిగిన ఒక సభలో జావా నుంచి వచ్చిన బుద్ధుడి విగ్రహాన్ని ఉడకబెట్టిన కొవ్వు పుడ్డింగుతో పోల్చాడు. పెద్ద దుమారం రేగింది. పదముగ్గురు ఆర్టిస్టులు, విమర్శకులు టైమ్స్ పేపర్‌కి ఉత్తరం రాశారు. ఇండియాలో ఉన్నది గొప్ప ఫైన్ ఆర్టే అని చెప్పడానికి ఇండియా సొసైటీ పుట్టింది.

అమరావతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన స్తూపం రాళ్లు మద్రాసు వెళ్లి, అక్కణ్నుంచి 1859లో లండన్ చేరాయి. కొన్నాళ్లు గుర్రబ్బళ్లు పెట్టే షెడ్డులో పడున్నాయి. 1867లో ఫెర్గుసన్ అనే ఆయన వాటిని అక్కడ చూసి, మరుసటి ఏడాది పుస్తకం వేశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. రాళ్లు అవే, వాటిని పిలిచే పేరే చోటుని బట్టి మారుతూ వచ్చింది. ఆ స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసినవాళ్లు మాత్రం వాటిని ఎప్పుడూ ఎగ్జిబిట్ అనుకోలేదు.

మరి ఈ సిద్ధాంతాలు తెలుగు నేల మీదికి ఎలా దిగాయి? రెండు దారుల్లో వచ్చాయి, రెండూ మనకి దగ్గరే.

ఒకటి రాజమండ్రి దారి. అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్. స్వయంగా చిత్రకారుడు. బొమ్మలు వేసే కుర్రాళ్లని చేరదీశాడు. వాళ్లలో దామెర్ల రామారావుని బొంబాయి జేజే స్కూలుకి పంపించాడు. అక్కడ నేర్పేది యూరప్ అకాడమీ పద్ధతి. మోడల్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, వెలుగునీడలు, శరీర నిర్మాణం చూసి వేయడం. రామారావు ఆ చదువుతో వచ్చి గోదావరి మనుషుల్ని, మన ఆడవాళ్ల నడకని, చీరకట్టుని వేశాడు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిది నిండలేదు. ఇంచుమించు నా వయసు. రాజమండ్రి వెళ్తే ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది, తప్పకుండా చూడండి. ఫోన్లో చూసిన రంగులకి, అక్కడి రంగులకి పోలికే లేదు.

రెండోది బందరు దారి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. స్వదేశీ ఉద్యమం వేడిలో పుట్టిన కాలేజీ. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పాలన్నది ఉద్దేశం. అక్కడికి బెంగాల్ నుంచి ప్రమోద కుమార్ ఛటర్జీ డ్రాయింగ్ మాస్టారుగా వచ్చారు. యూరప్ పద్ధతి వద్దు, అజంతా, మొఘల్ చిత్రాలు మన దారి అన్నది బెంగాల్ వాళ్ల వాదన. అడివి బాపిరాజు ఈయన దగ్గర నేర్చుకున్నారు. రాజమండ్రిలో చదివేటప్పుడు కూల్డ్రే శిష్యుడు కూడా ఆయనే. రెండు దారులూ ఒకే మనిషిలో కలిశాయి. తర్వాత ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

పైకి చూస్తే ఇది విదేశీ వర్సెస్ స్వదేశీ. నాకు మాత్రం ఇంకోలా కనిపిస్తోంది. బెంగాల్ దారికి వెనక ఉన్న మాస్టారు ఎవరు? హావెల్ అనే ఇంగ్లీషాయన. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చేసి, 1896లో కలకత్తా వెళ్లినవాడు. రస్కిన్, మారిస్ ఆలోచనల గాలి పీల్చినవాడు. అంటే మన ఊళ్లలో జరిగింది యూరప్‌లోని రెండు పార్టీల గొడవకి తెలుగు వెర్షన్. రెండు పార్టీలూ ఒక విషయంలో ఒక్కటే. మాకూ ఫైన్ ఆర్ట్ ఉంది అని నిరూపించాలి. దానికి ఫ్రేము కావాలి, సంతకం కావాలి, ఎగ్జిబిషన్ కావాలి. బర్డ్‌వుడ్ పెట్టిన పరీక్షలో పాసవ్వాలని అందరూ కష్టపడ్డారు. ఆ పరీక్షే తప్పు అన్నవాళ్లు తక్కువ. ఇందులో వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆ రోజుల్లో మీకు కళే లేదు అనిపించుకోవడం చిన్న అవమానం కాదు. కానీ ఆ హడావిడిలో కొండపల్లి అటుపక్కే ఉండిపోయింది.

చిన్న పక్కదారి. ఆల్బెర్టి కిటికీ మా మైలవరం దాకా కూడా వచ్చింది. మా జమీందారు బాలభారతీ నాటక సమాజం నడిపించారు, బెజవాడలో పేరున్న కంపెనీ. ఆ కాలం తెలుగు నాటకాలకి రంగుల తెరలుండేవి. రాజవీధి తెర, ఉద్యానవనం తెర, అడవి తెర. వీధి సన్నబడుతూ దూరంగా పోయి ఒక చుక్కలో కలిసిపోతుంది. ఫ్లోరెన్స్ లెక్క, మన హరిశ్చంద్రుడి వెనకాల. ఆ తెరలు వేసినవాళ్లని పెయింటర్ అన్నారు, ఆర్టిస్ట్ అనలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక గోడ ఆఫీసుల్లోకి చేరింది. 1952లో అఖిల భారత హ్యాండీక్రాఫ్ట్స్ బోర్డు పెట్టారు. 1954లో లలిత కళా అకాడమీ పెట్టారు. అటు చేతిపనులు, ఇటు కళలు. ఇవాళ అకాడమీ కేంద్రంలో సాంస్కృతిక శాఖ కింద ఉంది. హ్యాండీక్రాఫ్ట్స్ జౌళి శాఖ కింద ఉంది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మ ఢిల్లీ లెక్కలో బట్టల శాఖ వ్యవహారం! కొండపల్లి బొమ్మలకి జీఐ గుర్తింపు ఉంది, అదీ హ్యాండీక్రాఫ్ట్ కేటగిరీలోనే.

ఒక్క నిమిషం. కామెంట్లలో మీరు ఏం రాస్తారో నాకు తెలుసు. మన దగ్గర అరవై నాలుగు కళలు ఉండేవి బ్రో, అన్నీ సమానం, తెల్లోళ్లొచ్చి పాడుచేశారు అని. సగం కరెక్టే. కామసూత్రంలో ఉన్న లిస్టు చూడండి. పాట, ఆట, బొమ్మ గీయడంతో పాటు వంట, పూలు గుచ్చడం, వడ్రంగం అన్నీ ఒకే వరసలో ఉంటాయి. గోడ లేదు. కానీ మెట్లు లేవా? రసం గురించి వందల ఏళ్లు చర్చించిన పండితులు మాట్లాడింది నాటకం గురించి, కావ్యం గురించి. ఉలి పట్టినవాడి అనుభవం అందులో ఎంత ఉంది? గుడిలో విగ్రహం చెక్కినవాడి కులం గుడి బయట ఎక్కడ నిలబడింది? ప్లూటార్క్ మాట మనకీ సరిగ్గా సరిపోతుంది. యూరప్ గోడ వచ్చి మన పాత మెట్ల మీదే నిలబడింది, అందుకే అంత గట్టిగా నిలబడింది అని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి. నేను పూర్తి డబ్బులిచ్చి కొన్న వాన్ గోహ్‌కి గురువులెవరు? పారిస్‌లో ఆయన, తమ్ముడు తియో కలిసి జపాన్ చెక్క అచ్చు బొమ్మలు వందల్లో కొన్నారు. 1887లో హిరోషిగే బొమ్మల్ని చూసి కాపీ కూడా వేశాడు. జపాన్‌లో అవి జనం చవగ్గా కొనుక్కునే బొమ్మలు. ఒకరు గీస్తే, ఒకరు చెక్క మీద చెక్కితే, ఇంకొకరు అచ్చు వేసేవాళ్లు. మరి అది ఆర్టా, హ్యాండీక్రాఫ్టా?

ఇదంతా చదువుకుని మొన్న మళ్లీ కొండపల్లి వెళ్లా. ఈసారి కొనడానికి కాదు, చూడటానికి. అంకుల్ ఏనుగు అంబారీ చేస్తున్నారు. పొణికి కర్ర చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. ఒంటికి ఒక ముక్క, తొండానికి ఒకటి, కాళ్లకి విడిగా. అన్నీ వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలీదు. ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూసి, ఆరాక రంగు. రంగు ఆంటీ వేస్తారు. ఏనుగు కన్ను ఆవిడే పెట్టాలి, ఇంకెవరు పెట్టినా కుదరదని అంకులే అన్నారు. ఆవిడ ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టారు, అప్పటిదాకా కర్ర, తర్వాత ఏనుగు.

కాంట్ గురించి ఆయనకి చెప్పా. నాకొచ్చినంతలో. డబ్బుల కోసం చేస్తే ఆర్ట్ కాదంట అంకుల్ అన్నా. ఆయన ఉలి ఆపకుండానే అడిగారు, "ఆయనకి జీతం వచ్చేదా బాబూ?"

వచ్చేది. కాంట్ యూనివర్సిటీ ప్రొఫెసర్.

"మరింకేం" అన్నారు.

ఆయన దిగులు ఆర్టిస్ట్ అన్న మాట గురించి కాదు. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోంది. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, అడవిలో వెతికి తెచ్చుకోవాలి. పిల్లలు ఎవరూ ఈ పనిలోకి రావట్లేదు. ఆ మాట అన్నప్పుడు మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

వచ్చేముందు అడిగా, మీ బొమ్మ కింద మీ పేరు రాయొచ్చు కదా అంకుల్ అని. సంతకం ఉంటే రేటు మారుతుంది, బేరమాడరు. ఇన్ని పుస్తకాలు చదివి నేను కనిపెట్టిన ఐడియా ఇది. ఆయన ఏనుగుని తిరగేసి, కింద భాగం చూశారు.

"ఎవరి పేరు రాయమంటావు నాన్నా? చెక్కింది నేను, మావటివాణ్ని చేసింది మా తమ్ముడు, కన్ను పెట్టింది మీ ఆంటీ. మా నాన్న నేర్పాడు. అందరి పేర్లు రాస్తే ఏనుగు చాలదు."

నా దగ్గర జవాబు లేదు. వసారి దగ్గరా, కాంట్ దగ్గరా కూడా దీనికి జవాబు దొరకలేదు.

ఇంటికొచ్చి సంక్రాంతికి తగ్గించిన నాలుగొందలు ఫోన్‌పేలో పంపా. పది నిమిషాల్లో వెనక్కొచ్చేశాయి. కింద మెసేజ్, మావాడు టైప్ చేసిపెట్టినట్టున్నాడు: "బేరం అయిపోయింది కదా బాబూ. ఈసారి రెండు వేల రెండొందలకి తీసుకో."

వచ్చే ఎపిసోడ్ పెడన నుంచి. అద్దకం అచ్చులు చెక్కేవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడబోతున్నా. ఉంటా మరి.